ఏటికుక్కా, కానుగ చెట్టూ

మా మనవరాలికి బళ్ళో ఒక పని ఇచ్చారు. కాగితం మధ్యన నిలువుగా గీత గీసి, ఒక పక్క ఎక్కడపడితే అక్కడ కనిపించే చెట్టు గురించీ, రెండో పక్క అంతరించిపోతున్న మంచినీటి క్షీరదం గురించీ రాసి, రెండింటికీ పోలికలూ భేదాలూ చూపించాలట. చెట్టుకీ జంతువుకీ పోలికేమిటని అడగబోయి ఊరుకున్నాను. అడిగితే "నీకు తెలీదులే అమ్మమ్మా" అంటుంది. ఆ మాట ఈ మధ్య రోజుకి పదిసార్లు వింటున్నాను.

చెట్టు పక్కన వేప అని, జంతువు పక్కన గంగానది డాల్ఫిన్ అని రాసుకుంది. ఫోన్ చూస్తూ బొమ్మలు కూడా వేస్తోంది.

"డాల్ఫిన్‌ని నువ్వెప్పుడైనా చూశావా?" అన్నాను.

"ఇదిగో, ఫోన్‌లో చూస్తున్నాగా."

"మరి వేపచెట్టుని?"

కిటికీ బయటికి ఒకసారి చూసి, "అది కూడా ఫోన్‌లోనే బాగుంది" అంది.

నాకు ఒళ్ళు మండింది. "మన దగ్గరవి రాయొచ్చు కదే" అన్నాను.

"మన దగ్గర అలాంటి జంతువులు ఎక్కడున్నాయి అమ్మమ్మా?"

"ఎందుకు లేవు? నన్నొకటి కరిచింది కూడా."

పిల్ల పెన్ను కింద పెట్టింది. ఈ రోజుల్లో మనం చెప్పేది వినడానికి పిల్లలు పెన్ను కింద పెట్టారంటే సామాన్యం కాదు. నేనూ బెట్టు చేయకుండా మొదలుపెట్టాను.

మా ఊరు వంశధార ఒడ్డున. ఇంకాస్త కిందికి పోతే కళింగపట్నం, ఆ తర్వాత సముద్రమే. గాలి అటునించి తిరిగిందంటే అక్కడ ఎండబెట్టిన చేపల వాసన మా వాకిట్లోకి వచ్చేసేది. ఆ రోజు ఇంట్లో ఉత్త తరవాణి అన్నం, ఉల్లిపాయ మాత్రమే ఉన్నా నాయనమ్మ బాధపడేది కాదు. "గాలి నంజుకుని తినీయండి" అనేది. మేమూ నిజంగానే ముక్కులెగబీల్చి ఒక్కో ముద్దా తినేవాళ్ళం.

మా పొలం చివర ఏటి గట్టు మీద ఒక కానుగ చెట్టు ఉండేది. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. కానుగ అంటే మా దగ్గర ఎవరికీ లెక్కలేదు. పొద్దున్నే తాత దాని పుల్ల విరిచి పళ్ళు తోముకునేవాడు. దమ్ము చేసేముందు నాన్నా చిన్నాన్నా ఎక్కి కొమ్మలకు కొమ్మలు నరికి పొలంలో ఎరువుకి తొక్కించేవారు. అదయ్యాక చెట్టు బోడిగుండుతో నిలబడేది. నెల తిరక్కుండానే లేతాకులు వేసేసి, తళతళలాడిపోతూ, ఏమీ జరగనట్టే మళ్ళీ నీడ పట్టేది. ఆ నీడంటే తాతకి ప్రాణం. "కానుగ కింద కూకుంటే కోర్టుకెళ్దామని బయల్దేరినోడైనా తొంగుండిపోతాడు" అనేవాడు. తను ఏ కోర్టుకీ వెళ్ళకపోయినా రోజూ మధ్యాహ్నం అక్కడే పడుకునేవాడు.

కానుగ నూనె వాసన చేదుగా ఉంటుంది. గజ్జి లేచిన పిల్లల్ని వరసగా నిలబెట్టి నాయనమ్మ ఆ నూనె పూసేది. ఆ రోజు మాతో ఆడుకోవడానికి పక్కింటి పిల్లలు కూడా వచ్చేవారు కాదు. కాయలు రాలే రోజుల్లో బుట్టెడు కాయలు ఏరుకొస్తే నాయనమ్మ ఒక నువ్వుల ఉండ పెట్టేది. కాయలు ఎండబెట్టి, కర్రతో చితక్కొట్టి, గింజలు తీసి గానుగకి పంపేది. "కానుగని గానుగకి" అని పదిసార్లు గబగబా అనమని చిన్నాన్న మమ్మల్ని ఏడిపించేవాడు. మూడోసారికే నాలుక మడత పడిపోయేది.

ఇక రెండోది. పుస్తకాల్లో దాన్ని నీటికుక్క అంటారు. మా ఊళ్ళో ఏటికుక్క అనేవారు. కుక్కకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. పొడుగ్గా, నున్నగా, గోధుమరంగులో ఉంటుంది. పొట్టి కాళ్ళు, లావుపాటి తోక. నీళ్ళలోంచి తల పైకెత్తి మనల్ని ఒక్క క్షణం చూసి, పనేదో గుర్తొచ్చినట్టు మునిగిపోతుంది. చూసినవాళ్ళు తక్కువ, తిట్టినవాళ్ళు ఎక్కువ.

తిట్టేవాళ్ళలో మొదటివాడు మావ. మాకు చుట్టమేమీ కాదు, ఏట్లో వలేసి బతికే మనిషి. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు, ఒక గోధుమరంగు కుక్క ఉండేది. ఊళ్ళో పిల్లలందరికీ ఆయన మావే. సాయంత్రం మా వీధరుగు మీద కూర్చుని వల బాగుచేసుకునేవాడు. వల చిరిగిన రోజున చిల్లుల్లోంచి పిడికిలి బయటికి పెట్టి మా తాతకి చూపించేవాడు.

"సూడండి బాబూ, ఇది వలా, జల్లెడా? సేప తలకాయ తినీసి తోక నాకొగ్గీసింది. నానేటి దానికి తోక కూర ఒండుకునే పనోడినా? ఆ బొరియ దొరకనీండి. పొగెట్టీసి, తవ్వీసి, ఒక్కోదాన్నీ బయటికి లాగీకపోతే నా పేరు మార్సీండి."

అరుగు మీద ఉన్న మగాళ్ళందరూ తలలూపేవారు. గునపాలు మావీ ఉన్నాయనేవారు. తాత ఒక్కడే చుట్ట పీలుస్తూ, "సెట్టు పెడతాది, అది ఎత్తుకుపోతాది. రెండూ ఆ దేవుడు సేసినివే. ఏటి సేస్తాం" అనేవాడు.

ఒక ఏడాది కాయలు ఏరడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. మిగతా పిల్లలకి తట్టు పోసింది. వరదకి గట్టు కొంత కోసుకుపోయి కానుగ వేళ్ళు ఏటివైపు బయటపడి ఉండేవి. ఒంగి కాయలేరుతుంటే ఆ వేళ్ళ సందులోంచి సన్నగా ఈల వినిపించింది. పక్షి అనుకున్నాను. మళ్ళీ వినిపించింది. బోర్లా పడుకుని తల కిందికి పెట్టి చూశాను. లోపల చీకట్లో నాలుగు చిన్న మొహాలు, వాటి వెనక ఒక పెద్ద మొహం. కుళ్ళిన చేపల కంపు గుప్పున కొట్టింది. ఆ కంపు కూడా నాకెంత బాగుందో చెప్పలేను. ఊరంతా వెతుకుతున్నది నా ఒక్కదానికే దొరికింది మరి.

ఎవరితోనూ చెప్పలేదు. రోజూ కాయల వంకన వెళ్ళేదాన్ని. నాయనమ్మ చేపలు కోస్తుంటే తలలు దొంగిలించి, లంగా కుచ్చిళ్ళలో దాచి తీసుకుపోయేదాన్ని. ఇంట్లో పిల్లికి దెబ్బలు పడేవి. పిల్లికి నేను చేసిన అన్యాయం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పేశాను, కొంచెం తేలిగ్గా ఉంది. బొరియ ముందు తలలు పెట్టి దూరంగా కూర్చుంటే పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. కడుపు నిండితే ఇసకలో దొర్లి, ఒకదాని తోక ఒకటి కొరుక్కునేవి. మా ఇంట్లో పిల్లలం చాప మీద పడుకుని చేసే అల్లరి అచ్చం అలాగే ఉండేది.

ఆశకి అంతెక్కడ? ఒకరోజు సాయంత్రం ఒకదాన్నయినా ముట్టుకోవాలనిపించింది. వేళ్ళ సందులో చెయ్యి పెట్టాను. మెత్తగా బొచ్చు తగిలింది. అదే క్షణంలో బొటనవేలి కింద చురుక్కుమంది. చెయ్యి లాక్కునేసరికి రక్తం కారుతోంది.

లంగా అంచు చుట్టుకుని ఇంటికి పరిగెత్తాను. మావ అరుగు మీదే ఉన్నాడు, చిరిగిన వల ఒళ్ళో పెట్టుకుని. నాయనమ్మ ఎదురొచ్చింది.

"ఓలమ్మా, ఈ రగతమేటే? ఏటి కరిసింది?"

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. మావని చూశాను. "ఏటి" అనే ముక్క మింగేశాను. "కుక్క" మాత్రం బయటపడింది.

"ఏటి? కుక్కా?" అంది నాయనమ్మ.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏటికుక్కా అని అడిగిందనుకున్నాను. ముసల్దానికి అప్పుడే ఎలా తెలిసిపోయిందా అని నోరు తెరిచి నిలబడిపోయాను. "ఏటిలగ మిడిగుడ్లేసుకు సూస్తావు? ఏ రంగు కుక్కే?" అని మళ్ళీ గద్దించాక గానీ ఆవిడ అడిగింది మామూలు కుక్క గురించేనని అర్థం కాలేదు. అబద్ధానికి తయారుగా లేను. కళ్ళముందు ఉన్న రంగే చెప్పేశాను. "గోధుమరంగు."

సరిగ్గా అప్పుడే మావ కుక్క ఏటివైపు నుంచి తడిసిన ఒంటితో, తోకాడించుకుంటూ నా వెనకే వాకిట్లోకి వచ్చింది. అందరూ దానివైపే చూశారు.

నాయనమ్మ సబ్బుతో చెయ్యి రుద్ది రుద్ది కడిగింది. మర్నాడు తెల్లారగానే తాత నన్ను బస్సెక్కించి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. మొదటి సూదికి నేను వేసిన కేకకి వరసలో నా వెనక ఉన్న మనిషి లేచి వెళ్ళిపోయాడు.

అటు ఊళ్ళో మావ కుక్కని రాటకి కట్టేశారు. పది రోజులు చూస్తారట. ఈలోగా పిచ్చి లక్షణాలు కనిపిస్తే కొట్టి చంపేస్తారట. "అది పామునైనా కరవదు, పసిగుంటని కరుస్తాదేటి" అని మావ అందరికీ చెప్పి చూశాడు. "పిల్ల అబద్ధమాడతాదేటి?" అన్నారు వాళ్ళు.

నాలుగో రోజు సాయంత్రం చూడ్డానికి వెళ్ళాను. ఎప్పుడూ తాడు ఎరగని కుక్క, బెంగపెట్టేసుకుంది. ముందు పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. నీళ్ళ మూకుడు దగ్గరికి జరిపితే మొహం తిప్పేసుకుంది.

"సూసినారా? నీల్లంటే బయపడతంది. పిచ్చే" అన్నారెవరో.

"రేపు మజ్జానానికి పని కానిచ్చీడమే" అన్నారింకెవరో.

మావ తల దించుకుని నేలమీద గీతలు గీస్తున్నాడు. కుక్క నన్ను చూసి, పడుకున్నచోటి నుంచే తోక ఒకసారి నేలకేసి కొట్టింది. దానికి నా మీద కోపమే లేదు. కోపం ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

"చంపేశారా అమ్మమ్మా?" అని మనవరాలు మధ్యలో నా చెయ్యి పట్టుకుంది. తొందరపడకు అన్నాను. నాకూ ఆ రాత్రి అన్నం సయించలేదు. నిజం చెబితే బొరియలో నాలుగు పిల్లలు పోతాయి, తల్లి పోతుంది. చెప్పకపోతే ఏ పాపమూ ఎరగని కుక్క పోతుంది. మా బళ్ళో కూడా భేదాలు రాయమనేవారు గానీ, ఏ పక్కన ఉన్నవాటిని చంపాలి అని ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు ఆసుపత్రిలో, సూది ఇంకా పొడవకముందే ఏడవడం మొదలుపెట్టాను. "కుక్క కాదు తాతా" అన్నాను. మొత్తం చెప్పేశాను, పిల్లి దెబ్బలు తప్ప. తాత డాక్టరుగారి వైపు తిరిగి, "అయితే ఈ సూదులు అక్కర్నేదా బాబూ?" అన్నాడు.

"నీటికుక్కయినా, నేలకుక్కయినా, అడవిలో నక్కయినా సూదులు తప్పవండి. పద్నాలుగూ వేయించాల్సిందే" అన్నారాయన. నిజం చెప్పినందుకు ఒక్క సూది కూడా తగ్గలేదు.

తిరుగు బస్సులో తాత తిడతాడని ముడుచుకు కూర్చున్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఒకే మాట అడిగాడు. "ఎన్ని పిల్లలున్నాయే?"

"నాలుగు తాతా."

"ఊఁ" అన్నాడు. ఆ మీసాల కింద నవ్వు ఉందో లేదో నాకు తెలియలేదు.

బస్సు దిగి మావ ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళాం. అప్పటికే కర్రలు పట్టుకుని పదిమంది చేరారు. నేను జనంలోంచి దూరి కుక్క ముందు నిలబడ్డాను. "ఇది కాదు. ఏటికుక్క!" అన్నాను.

"ఏటి కుక్కేటే?" అన్నాడొకాయన.

"ఏటికుక్క!"

"అదే అడుగుతన్నాం, ఏటి కుక్కని?"

"ఏటికుక్క! ఏటికుక్క!" నేను ఏడుస్తూ అరుస్తుంటే వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిచ్చి నాకే ఎక్కిందేమోనని ఒకావిడ వెనక్కి జరిగింది కూడా.

తాతకి ఓపిక నశించింది. "ఏట్లో కుక్కరా! ఏట్లో! సేపలు తినే కుక్క!" అని గట్టిగా అరిచాడు.

అందరికీ ఒక్కసారి వెలిగింది. కర్రలు కిందికి దిగాయి. మావ లేచి నా ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, కట్టు విప్పి నా చెయ్యి తిప్పి తిప్పి చూశాడు. "ఎక్కడే?" అన్నాడు మెల్లగా. తాత వైపు చూశాను. "నోరు నీది, నువ్వే సెప్పు" అన్నాడు తాత.

"మా కానుగ కింద."

ఇక చూడాలి. కర్రలు వదిలేసినవాళ్ళు గునపాలు, పారలు పట్టుకున్నారు. ఒకాయన గడ్డి మోపు కూడా నెత్తిన పెట్టుకున్నాడు, పొగ పెట్టడానికి. అందరూ గట్టుకేసి నడిచారు. నేను వెనక ఏడ్చుకుంటూ నడిచాను. కుక్కని బతికించాననే సంతోషం పది అడుగులు కూడా నాతో రాలేదు.

చెట్టు దగ్గర మావ అందరినీ ఆపాడు. "ఆగండ్రా. ఒట్టినే తవ్వితే గట్టు జారిపోతాది. ముందు నన్ను సూడనీండి." కిందికి దిగి, నీళ్ళలో నిలబడి, వేళ్ళ సందులో కుడిచెయ్యి భుజందాకా పెట్టాడు. చెంప వేరుకి ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. తర్వాత నిదానంగా చెయ్యి తీసుకుని, భుజం మీది తువ్వాలుతో బురద తుడుచుకుంటున్నట్టు చుట్టేసుకున్నాడు.

"కాలీ" అన్నాడు. "ఎప్పుడో ఎల్లిపోనాయి. ఒట్టి బొరియ."

"అయితే తవ్వడమెందుకు? నా గట్టు ఎవుడు కడతాడు?" అన్నాడు తాత వెంటనే. గొణుక్కుంటూ, నా మీద జోకులేసుకుంటూ జనం వెళ్ళిపోయారు. గడ్డి మోపు మోసుకొచ్చినాయన మాత్రం చాలా నొచ్చుకున్నాడు. తాడు విప్పగానే మావ కుక్క మూకుడు కాదు, కుండెడు నీళ్ళు తాగింది.

నా చేతి వల్లే అవి బెదిరి వెళ్ళిపోయాయనుకుని వారం రోజులు ఏడ్చాను. ఆ వారం దాటాక ఒక పొద్దున్నే ఏటి మధ్యలో ఒక పెద్ద తల, వెనకే వరసగా నాలుగు చిన్న తలలు ఈదుకుంటూ వచ్చి మా కానుగ వేళ్ళ కిందికి దూరడం చూశాను. ఆనందంతో కాయల బుట్ట ఏట్లో జారవిడిచేశాను. మావ చెయ్యి పొట్టిది, లోపలిదాకా అందలేదు, అందుకే తెలీలేదు అనుకున్నాను. పొరపాటున కూడా నోరు విప్పలేదు.

సూదులయ్యేదాకా మావ కూడా రోజూ మాతో బస్సెక్కేవాడు. "కడుపునొప్పే గుంటా, మందుకెల్తన్నాను" అనేవాడు. చేతికేమైందంటే వల తాడు కోసిందనేవాడు. నాకూ కడుపు నొప్పేగా. తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చుని పొట్టలు పట్టుకుని ప్రతి గతుక్కీ కలిసి మూలిగేవాళ్ళం. సాయంత్రం అరుగు మీద మళ్ళీ మామూలే. "ఆ బొరియ దొరకనీండి బాబూ, పొగెట్టీసి..." అని మొదలెట్టేవాడు.

వానలు పడి ఏరు నిండాక ఏటికుక్కలు ఎటో వెళ్ళాయి. నేనూ పెళ్ళయి శ్రీకాకుళం వచ్చేశాను. చాలా ఏళ్ళ తర్వాత ఊరు వెళ్ళినప్పుడు మావని చూడ్డానికి వెళ్ళాను. తాత అప్పటికి లేడు. మావకి చూపు బాగా తగ్గింది. ఎవరో గుర్తుపట్టడానికి నా చెయ్యి అందుకుని, బొటనవేలి కింద తడిమి, "ఓలి, మన ఏటికుక్క గుంట!" అన్నాడు. నవ్వాను. ఆయన తన కుడిచెయ్యి నా ముందు చాపాడు. మణికట్టు పైన నాలుగు గుంటలు, నల్లగా.

"వల తాడు కోసిందన్నావు కదా మావా?"

"వల తాడుకి కోరలుంటాయేటే?"

తల్లి ఏటికుక్క లోపల కరిచి పట్టుకుని ఉండగా, పైన అంతమంది ముందు, మొహం మీద గీత కదలకుండా నిలబడ్డాడు ఆ మనిషి.

"మరి ఆ కడుపునొప్పి?"

"నొప్పి కాదేటి? బొడ్డు సుట్టూ పద్నాలుగు. నాను ఎల్లనంటే మీ తాతే సెవట్టుకుని బస్సెక్కించినాడు."

"తాతకి తెలుసా!"

"ఆ బొరియ నాకు నీకన్నా ముందే ఎరిక. మీ తాతకి నాకన్నా ముందే ఎరిక. రోజూ ఆ సెట్టు కింద తొంగునీవోడికి తెలీకుండా పోతాదేటి?"

"మరి పొగెడతా, తవ్వేస్తా అని అంత గోల చేసేవాడివి?"

"వల సిరిగితే తిట్టుకోనేటి? తిట్టడం వేరు, సంపడం వేరు."

"నాకెందుకు చెప్పలేదు మావా? నేనెంత ఏడ్చానో తెలుసా?"

పళ్ళులేని నోటితో పకపకా నవ్వాడు. "నువ్వు నాకు సెప్పినావేటి?"

కథ అయ్యేసరికి మనవరాలు డాల్ఫిన్ని కొట్టేసింది. వేపనీ కొట్టేసింది. ఆదివారం ఊరికి తీసుకెళ్ళమని పట్టుబట్టింది. వెళ్ళాం. మా పాత కానుగ లేదు, ఎప్పటి వరదకో పోయింది. దాని పక్కన, ఎదర, అవతల ఒడ్డున బోలెడు కానుగలు ఉన్నాయి, అవీ ఎవరూ నాటనివే. ఒక చెట్టు కింద నడివయసు ఆవిడ వల బాగుచేసుకుంటోంది. కానుగ గురించి మా పిల్ల అడగడమే ఆలస్యం, ఆవిడ ఆపకుండా చెప్పుకొచ్చింది. పుల్ల, ఆకు, నూనె, నీడ, మేకకి మేత వేస్తే ఏమవుతుంది, పసిపిల్లల ఒంటికి ఎలా పుయ్యాలి. పిల్ల రాయలేక చేతులు నొప్పెట్టాయంది.

"మరి ఏటికుక్కలున్నాయా ఆంటీ?" అంది చివరికి.

ఆవిడ సూది ఆగలేదు. తల కూడా ఎత్తలేదు. "ఏటికుక్కలా? ఇక్కడెక్కడున్నాయమ్మా? ఎప్పుడో ఎల్లిపోనాయి."

ఆవిడ ఒళ్ళో వలకి నా రెండు పిడికిళ్ళు పట్టేంత చిల్లు ఉంది. పక్కన గంపలో పైనే ఒక పెద్ద చేప, తల లేకుండా. నేను చూడటం ఆవిడ చూసింది. తాపీగా గంప మీద తువ్వాలు కప్పేసింది.

"లేవట అమ్మమ్మా" అంది మనవరాలు దిగులుగా.

"అవునే, లేవట" అన్నాను. ఎంత సంతోషం ముంచుకొచ్చిందంటే, అక్కడే ఉంటే పైకి నవ్వేస్తానని భయమేసి, పిల్ల చెయ్యి పట్టుకుని గబగబా గట్టెక్కేశాను.